నడుంలోతు నీళ్ళ కంపెనీ

కంపెనీ అంటే నవ్వొద్దు.
రెండు పడవలు, నాలుగు గెడలు, ఒక రేకుపెట్టె.
పెట్టె మూతమీద సున్నంతో
"శ్రీ చెంగాళమ్మ బోట్ సర్వీస్" అని
మా మామ పామంజి కోదండం రాస్తే
చోటు చాలక
చివరి 'స్' మూత దాటి పక్కకి దిగింది.
ఇప్పటికీ అక్కడే వేలాడతా ఉంది.

మొదటి చిట్టాలో సంవత్సరం లేదు.
"పెద్ద గాలివాన పోయిన మూడో నెల" అని ఉంది.
పెట్టుబడి:
నూటపది రూపాయలు, రెండు మేకలు,
విరిగిన పడవ తాలూకు పలకలు పద్నాలుగు,
ముక్కుపుడక ఒకటి.
పుడక ఎవరిదో రాయలేదు.
మా అమ్మమ్మ ఉన్న ఒక్క ఫోటోలో
ముక్కుకి చిల్లు మాత్రం కనపడతాది.

పులికాట్ సముద్రమూ కాదు, చెరువూ కాదు.
వానాకాలం మనిషిని మింగుతాది,
చిత్తిర ఎండలకి మోకాళ్ళు కూడా తడపదు.
నత్తలకుప్పం, గవ్వలమిట్ట, ఉప్పరదిబ్బ:
మూడు దీవులకీ మేమే బస్సు, మేమే పోస్టు,
మేమే మంచినీళ్ళ కుండ.
నీళ్ళు తీసిన నెలల్లో
జనం టికెట్ కొనుక్కుని, ఎక్కి,
సగం దూరంలో దిగి
పంచెలు ఎగ్గట్టి పడవని నెట్టేవాళ్ళు.
ఒక్కరూ డబ్బులు వెనక్కి అడిగినట్టు
ఏ చిట్టాలోనూ లేదు.

రేట్లు చదువుతాను:
మనిషికి ఐదు పైసలు. రొయ్యల గంపకి మూడు.
మేకకి మనిషి రేటే, కాళ్ళు నాలుగైనా.
పీనుగకి లేదు.
నిండు చూలాలికి ఒకటే టికెట్,
దారిలో ఇద్దరైనా సరే.
అట్లా ముగ్గురు నీళ్ళమీదే పుట్టారు.
వాళ్ళలో ఒకడు ఇప్పుడు
నా దగ్గర చిల్లర కోసం కొట్లాడతాడు.

ఇంజను మద్రాసు నుంచి లారీలో వచ్చింది.
దాని చప్పుడికి రాజహంసలు
మూడు రోజులు ఈ దిక్కుకి రాలేదు.
నాలుగో రోజు వచ్చేశాయి.
దాని అప్పు మాత్రం పదకొండేళ్ళు పోలేదు.

ఒక పేజీలో ఒక్క మాటే ఉంది: "ఏడుగురు."
కింద కూడికకి గీసినట్టు గీత.
గీత కింద ఏమీ లేదు.
ఆ రోజు తర్వాత మామ గెడ ముట్టలేదు.
ఒడ్డున స్టూలేసుకుని టికెట్లు చించేవాడు,
ఒక్కో టికెట్ నీ రెండుసార్లు లెక్కపెట్టి.
ఎక్కినోళ్ళు దిగారా అని
సాయంత్రం మళ్ళీ లెక్క.
నాకు కూడికలు వచ్చింది బడిలో కాదు,
ఆ స్టూలు పక్కన.

మొన్న మొన్న జిల్లా మారింది.
చిట్టా అట్ట మీద నెల్లూరు కొట్టేసి
తిరుపతి అని రాసుకున్నాను.
నీళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

పోయిన నెల వంతెన కొలవడానికి మనుషులొచ్చారు.
వేరే దారి లేదు గదా, మా పడవలోనే.
తలకి పూర్తి టికెట్ కొట్టాను.
వాళ్ళ మూడుకాళ్ళ ఇత్తడి యంత్రానికి
గంప రేటు వేశాను.
వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.
గవ్వలమిట్ట పిలకాయలకి హైస్కూలు
పది నిమిషాల దూరం అవుతాదంట.
మంచిదే. నిజంగా మంచిదే.
నలభై ఏళ్ళు మేం అరగంట ఆలస్యంగా
వాళ్ళని బడికి దించాం.

ఈగా చెంగమ్మ మాత్రం
పీతల బుట్ట సర్దుకుంటా అడిగింది:
"వంతెన నడిమధ్యన నొప్పులొస్తే
ఎవురిని కేకెయ్యాల మేయ్?"
యంత్రమాయన పుస్తకంలో
దానికి గడి లేదు.

సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ గుడికి
తలుపులు మూయరంటారు.
మా ఆఫీసుకి మొదట్నించీ తలుపే లేదు.
కంపెనీ మూయాలంటే ఏం మూయాలో
నాకు తెలీదు.

ఆరున్నర ట్రిప్పు:
పదకొండు మంది, రెండు గంపలు, ఒక మేక.
మేకకి మనిషి రేటే.
దిగినాక మళ్ళీ లెక్కపెడతాను.